మజిల్‌లోడర్ గురి ఎక్కడ తప్పుతుంది? జింకల వేటలో మొదటి గుండు లెక్క

క్లుప్తంగా: మజిల్‌లోడర్‌లో, అంటే మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీలో, తూటా తయారీ వేటగాడి చేతిలోనే జరుగుతుంది. గురి తప్పడానికి చాలాసార్లు కారణం ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య చేతిలో వచ్చే తేడాలే. మందు కొలత, గుండు బిగువు, గొట్టంలోని మసి, నిప్పు అందే వేగం ప్రతిసారీ ఒకేలా ఉంటే మామూలు తుపాకీ కూడా నమ్మకంగా కొడుతుంది. వేటలో లెక్కకొచ్చేది చల్లటి గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు కాబట్టి సాధన కూడా దాని చుట్టూనే ఉండాలి.

ఒక్క గుండు, ఆ తర్వాత పొగ

అమెరికాలో జింకల వేటకు ఒక్కో రాష్ట్రం ఒక్కో కాలపట్టిక పెడుతుంది. విల్లుకు కొన్ని వారాలు, మామూలు రైఫిల్‌కు కొన్ని వారాలు, మజిల్‌లోడర్‌కు మరికొన్ని రోజులు. విచ్చలవిడి వేట వల్ల 1900 ప్రాంతానికి తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాల మధ్య రవాణా చేయకుండా ఆపే లేసీ చట్టం ఆ ఏడాదే వచ్చింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. వీటికి రాష్ట్రాల కట్టుబాట్లు తోడై మందలు మళ్లీ పెరిగాయి. ఇప్పుడు ఈ జింకల సంఖ్య సుమారు 3 కోట్లని అంచనా. మందల్ని అదుపులో పెట్టాలంటే వేట రోజులు పెంచాలి, అలాగని ఒక్కసారిగా ఎక్కువ జంతువులు పడిపోకూడదు. అందుకు బాగా పనికొచ్చిన పద్ధతి మజిల్‌లోడర్ సీజన్. పెన్సిల్వేనియా 1974లో చెకుముకి రాయితో పేలే తుపాకులకు మాత్రమే ఒక సీజన్ తెరిచింది. క్రిస్మస్ దాటాక మంచులో సాగే ఆ వేటకు నేటికీ ఆదరణ ఉంది.

ఈ తుపాకీతో వచ్చే చిక్కు కొత్తగా పట్టినవారికి అంతుచిక్కదు. వేసవిలో రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన స్థలంలో, బల్ల మీద ఇసుక సంచికి ఆనించి కాల్చినప్పుడు మూడు గుండ్లూ అరచేతి వెడల్పులో పడతాయి. నవంబరు పొద్దున అదే తుపాకీతో, అదే మందుతో 70 గజాల దూరంలో కాలిస్తే గుండు ఎటు పోయిందో తెలియదు. ముందంతా తెల్లటి పొగ. మళ్లీ కూరి పేల్చడానికి అలవాటైన చేతికి కూడా అర నిమిషం పడుతుంది. ఆలోగా జింక కనుచూపు మేరలో ఉండదు. తగలకపోతే నష్టం లేదు, తగలరాని చోట తగిలితేనే అసలు బాధ. జింక భుజం వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు, అన్నం తినే చిన్న పళ్లెమంత. గుండు ఆ పళ్లెం లోపల పడితే జంతువు కొద్ది క్షణాల్లో పడిపోతుంది. బయట పడితే గాయంతో గంటల తరబడి నరకం చూస్తుంది. ఈ చర్చలో గురి అంటే ఆ 8 అంగుళాల సంగతే.

కార్ఖానా పని చేతికొచ్చింది

మామూలు రైఫిల్ తూటాలో మందు, బుల్లెట్, నిప్పు రాజేసే ప్రైమర్ అన్నీ కార్ఖానాలోనే ఒక ఇత్తడి గొట్టంలో బిగించి వస్తాయి. పెట్టెలోని 20 తూటాలకూ మధ్య తేడా బహు స్వల్పం. మజిల్‌లోడర్‌లో ఆ పని మొత్తం అడవిలో, చలిలో, వణికే వేళ్లతో జరుగుతుంది. మందు కొలిచి మూతి నుంచి పోయాలి. గుండును కడ్డీతో అడుగుదాకా దించాలి. వెనక నిప్పు పెట్టాలి. మూడు పనుల్లో ఎక్కడ తేడా వచ్చినా అది లక్ష్యం మీద అంగుళాల్లో కనిపిస్తుంది.

ఇంకో ఇబ్బంది గొట్టంలోనే ఉంది. ఆధునిక రైఫిల్ బుల్లెట్‌తో పోలిస్తే మజిల్‌లోడర్ గుండు నెమ్మది. 28 అంగుళాల గొట్టం దాటడానికి దాదాపు రెట్టింపు సమయం తీసుకుంటుంది. లెక్కకు అది సెకనులో కొన్ని వేల వంతులే. కానీ గుండు గొట్టం వదలకముందే తుపాకీ వెనక్కి తన్నడం మొదలవుతుంది, మూతి కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తి చూసే అలవాటు మామూలు రైఫిల్‌తో చెల్లుబాటు కావచ్చు, ఇక్కడ కాదు. పొగలోంచి కూడా చెంప కొయ్య మీదే ఆనించి ఉంచమని పాతకాపులు చెప్పేది ఇందుకే.

1985లో టోనీ నైట్ ఎంకే-85 అనే నమూనాతో ఇన్‌లైన్ మజిల్‌లోడర్లకు ఊపు తెచ్చారు. నిప్పు పక్కనుంచి కాకుండా మందుకు సరిగ్గా వెనకనుంచి తగలడం వాటి ప్రత్యేకత. చెకుముకి తుపాకీకీ ఈ ఇన్‌లైన్‌కూ మధ్య రూపంలో పోలిక తక్కువ. అయినా రెండింట్లోనూ కూరే పని మనిషిదే, మసి సమస్యా ఒకటే.

గాడుల మెలి, గుండు ఆకారం

గొట్టం లోపలి మెలి గాడులు గుండును బొంగరంలా తిప్పుతాయి. తిరిగే గుండు తిన్నగా ఎందుకు పోతుందో 18వ శతాబ్దం నడుమ లెక్కలతో వివరించిన ఇంగ్లిష్ గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. గాడులు లేని తుపాకీ గొట్టం చివరను కొంచెం ఎడమకు వంచి పేల్చి, గుండు ఎడమకు బయల్దేరి తర్వాత కుడికి వంగుతుందని వరసగా కట్టిన పల్చటి తెరలకు పడ్డ చిల్లులతో చూపించారు. గొట్టం గోడకు రాసుకుని గుండు ఇష్టమొచ్చినట్టు తిరగడమే దారి తప్పడానికి కారణమని అలా తేలింది. ఆయన చివరి రోజుల్లో ఈస్టిండియా కంపెనీ కోటల పని మీద మన తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశారు.

ఎంత తిప్పాలన్నది గుండు ఆకారాన్ని బట్టి ఉంటుంది. గోళాకారపు సీసం గుండుకు కొద్దిగా తిప్పితే చాలు. దానికి 60 నుంచి 70 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు నప్పుతాయి. పొడవాటి బుల్లెట్‌కు ఎక్కువ తిప్పడం కావాలి. ఇప్పటి ఇన్‌లైన్లలో 28 అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. మధ్యలో 48 అంగుళాల రకం రెండింటికీ రాజీ. చాలామంది తుపాకీ మీద నెపం వేసే సందర్భాల్లో తప్పు ఈ జోడీలో ఉంటుంది. 28 అంగుళాల మెలి ఉన్న గొట్టంలో గోళం గుండును నిండు మందుతో పంపితే అది గాడులను పట్టుకోలేక జారిపోతుంది. 66 అంగుళాల మెలిలో పొడవాటి బుల్లెట్ గాల్లో పల్టీలు కొడుతుంది. లక్ష్యం కాగితం మీద గుండ్రని చిల్లుకు బదులు బుల్లెట్ పక్క ఆకారంలో చీలిక కనిపిస్తే ఆ జోడీ కుదరలేదని అర్థం. మెలి ఎంతో చాలా తుపాకుల గొట్టం మీదే రాసి ఉంటుంది. కొనే ముందే చూసుకోవాల్సిన మొదటి అంకె అది.

గొట్టం మూతి అంచు కూడా పట్టించుకోవాల్సిందే. గుండును చివరగా తాకేది అదే. మసి, ఇసుక అంటిన కడ్డీని నిర్లక్ష్యంగా దించుతూ ఉంటే ఏళ్ల మీద ఆ అంచు ఒక పక్క అరిగి, వాయువు ఒక వైపు ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. కడ్డీని మధ్యలో ఉంచే చిన్న ఇత్తడి గైడ్ ఈ అరుగుదలను ఆపుతుంది.

గడ్డిలో పడిన గుడ్డముక్క చెప్పేది

గోళం గుండు గొట్టం కన్నా కొంచెం చిన్నది. అర అంగుళం, అంటే 50 కాలిబర్ గొట్టంలో సాధారణంగా 0.490 అంగుళాల గుండు వాడతారు. ఆ ఖాళీని నింపేది కొవ్వో మైనమో రాసిన నూలు గుడ్డ. దాన్ని ప్యాచ్ అంటారు. గాడులను పట్టుకుని గుండును తిప్పేది ఈ గుడ్డే. గుండు బయటికి రాగానే గుడ్డ విడిపోయి పది పదిహేను గజాల దూరంలో గడ్డిలో పడుతుంది. దాన్ని ఏరి చూసేవారు చాలా తక్కువ. తుపాకీ గురించి ఇంత నిజాయితీగా చెప్పే సాక్ష్యం మరొకటి దొరకదు.

వెలుతురుకు పట్టి చూడాలి. మధ్యలో గుండు కూర్చున్న చోట బూడిదరంగు మచ్చ, దాని చుట్టూ గాడుల గుర్తులు సమానంగా, అంచులు మాత్రం కొద్దిగా చీలికలుగా ఉంటే జోడీ కుదిరినట్టే. అంచులు పీలికలు కావడం తప్పు కాదు. మచ్చ చుట్టూ కాలిన చిల్లులుంటే వేడి వాయువు గుండును దాటి ముందుకు పోతోంది. అప్పుడు గుడ్డ మందం పెంచాలి, లేదా కొవ్వు ఇంకొంచెం పట్టించాలి. కత్తితో కోసినట్టు సన్నటి గీతలుంటే కొత్త గొట్టం గాడుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. గుడ్డ మందం 0.015 నుంచి 0.018కి మారడం, అంటే వెంట్రుక మందమంత తేడా, 50 గజాల దగ్గర గుండ్ల గుంపును సగానికి తగ్గించవచ్చు.

ఇన్‌లైన్ తుపాకుల్లో గుడ్డ పని ప్లాస్టిక్ తొడుగు చేస్తుంది. సాబో అనే ఆ తొడుగులో 45 కాలిబర్ బుల్లెట్ కూర్చుంటుంది. బరువు 250 లేదా 300 గ్రెయిన్లు (గుండు, మందు తూచే చిన్న కొలత). తొడుగును కూడా ఏరి చూడవచ్చు. రెక్కలు నాలుగూ ఒకే కోణంలో పువ్వులా విచ్చుకుంటే సరి. ఒక రెక్క ఊడిపోయినా, అడుగు కరిగినా మందు ఎక్కువైందని లేదా తొడుగు ఆ గొట్టానికి సరిపోలేదని అర్థం. వేసవిలో వరసగా కాల్చినప్పుడు గొట్టం వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గుండ్లు చెదురుతాయి. దాన్ని చూసి స్కోపు (గురి చూసే దుర్బిణి) తిప్పడం మొదలుపెడితే మంచి గురిని చేజేతులా పాడుచేసుకున్నట్టే.

మందు: బరువా, కొలతా?

ఈ తుపాకుల్లో వాడే పాతకాలపు పేలుడు మందు, అంటే బ్లాక్ పౌడర్‌ను, ఇక్కడ నల్లమందు అంటున్నాం. అందులో సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ఒకప్పుడు ప్రపంచానికి పెట్లుప్పు పంపిన పెద్ద ప్రాంతం బీహారు. నల్లమందును బరువుతో కాకుండా చిన్న కొలపాత్రతో కొలవడం ఆనవాయితీ. దానికి బదులుగా వచ్చిన పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటి మందులూ ఆ కొలత పద్ధతికే సరిపోయేలా తయారయ్యాయి. గందరగోళం ఇక్కడే పుడుతుంది. కొలపాత్రలో 100 గీత దాకా పోసిన బ్లాక్‌హార్న్ 209ను తూచితే సుమారు 70 గ్రెయిన్లే ఉంటుంది. ఎవరైనా తక్కెడలో 100 గ్రెయిన్లు తూచి పోస్తే మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. ట్రిపుల్ సెవెన్ అదే కొలతలో నల్లమందు కన్నా బలమైనది. కొలత 15 శాతం తగ్గించమని తయారీదారు సూచన. ఆధునిక తూటాల్లో వాడే పొగలేని మందును నల్లమందు తుపాకీలో పోయడం ప్రాణాంతకం, గొట్టం పగిలిపోతుంది. ఈ ఒక్క విషయంలో మినహాయింపు వెతకకూడదు.

గురికి కావలసింది ఎక్కువ మందు కాదు, ప్రతిసారీ ఒకే మందు. కొలపాత్ర పట్టుకునే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఒకసారి మెల్లగా పోసి, ఇంకోసారి కుదిపి పోస్తే అదే గీత దగ్గర కొన్ని గ్రెయిన్ల తేడా వస్తుంది. పొంగే దాకా పోసి, పక్కన వేలితో అన్నిసార్లే తట్టి, పైన సమంగా గీయడం పాత పద్ధతి. ఇంట్లోనే కొలిచి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపుకుంటే చలిలో ఈ పని తప్పుతుంది. డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి మాత్రం ఎన్నడూ పోయకూడదు. గొట్టం అడుగున నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది.

సరైన మోతాదు వెతకడానికి గోళం గుండుతో పాత కొండగుర్తు ఒకటుంది. 50 కాలిబర్ అయితే 50 గ్రెయిన్ల కొలతతో మొదలుపెట్టి, ఐదేసి పెంచుతూ, తుపాకీ పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటకుండా, ఏ మెట్టు దగ్గర గుంపు చిన్నదవుతుందో చూడాలి. ఒక దశ తర్వాత పోసిన అదనపు మందు గొట్టంలో పూర్తిగా కాలదు. మంచు మీద తుపాకీ ముందు నల్లటి నలుసులు రాలి కనిపిస్తాయి. వేగం పెద్దగా పెరగదు, తన్ను మాత్రం పెరుగుతుంది. తన్నుకు భయపడ్డ భుజం ట్రిగ్గర్ నొక్కే ముందే బిగుసుకుంటుంది. అచ్చు పోసిన 50 గ్రెయిన్ల బిళ్లలు పని సులువు చేస్తాయి గానీ ఐదేసి మెట్ల వెతుకులాటకు వాటిలో చోటు లేదు.

వేగంలో తేడా ఎంత నష్టం చేస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. సెకనుకు 1800 అడుగుల వేగంతో వెళ్లే 250 గ్రెయిన్ల బుల్లెట్ వేగం 50 అడుగులు తగ్గితే 100 గజాల దగ్గర అది మామూలు కన్నా మూడో వంతు అంగుళం మాత్రమే ఎక్కువ కిందికి పడుతుంది. 200 గజాల దగ్గర అంగుళంన్నర దాకా వస్తుంది. అంటే 100 గజాల లోపు కాల్చేవారికి కొన్ని గ్రెయిన్ల తేడా ప్రాణసంకటం కాదు. గుండు అడుగుదాకా కూర్చుందా లేదా అన్నది అంతకన్నా పెద్ద విషయం. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలితే గురి పోవడం అటుంచి గొట్టం ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. అందుకే కడ్డీ మీద రెండు గీతలు గీసుకోవాలి. ఒకటి ఖాళీ గొట్టానికి, ఇంకోటి సరిగ్గా కూరిన గొట్టానికి. రెండో గీత మూతి అంచుకు వచ్చేదాకా ఒకే ఒత్తిడితో నొక్కాలి. కడ్డీని దబదబా కొడితే సీసం ముక్కు చితికిపోతుంది, మందు బిళ్లలు నలుగుతాయి.

మసి లెక్క

పొగలేని మందు దాదాపు అంతా వాయువవుతుంది. నల్లమందులో సగానికి పైగా వాయువు కాదు. కొంత పొగలో నలుసులుగా పోతుంది, మిగిలింది గొట్టం గోడలకు పేరుకుంటుంది. ఈ మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది. పొడి వాతావరణంలో గట్టి పెంకులా, తేమలో జిగురులా ఉంటుంది. రెండో గుండు మొదటిదానికన్నా బిగువుగా దిగుతుంది, మూడోది ఇంకా బిగువు. బిగువు మారితే వాయు పీడనం మారుతుంది, గుండు పడే చోటూ మారుతుంది.

మన పాఠ్యపుస్తకాల్లో 1857 తిరుగుబాటు పాఠం చదివిన ప్రతివారికీ ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాకు పూసిన కొవ్వు సంగతి తెలుసు. ఆ కొవ్వు అసలు ఎందుకు పూశారో పాఠంలో అరుదుగా ఉంటుంది. మసిపట్టిన గొట్టంలో గుండు ఇరుక్కోకుండా దిగాలి, మసి మెత్తగా ఉండాలి. అందుకు జంతువుల కొవ్వు, మైనం వాడేవారు. అదీ మూతి నుంచి కూరే తుపాకీయే. అంత పెద్ద చరిత్రకు నిప్పంటించిన కొవ్వు వెనక ఉన్నది ఈ మసి సమస్యే.

ఇప్పటి పరిష్కారం సాదా. ప్రతి గుండు తర్వాత కొద్దిగా తడిపిన గుడ్డముక్కను ఒకసారి దించి, తిప్పి రెండో వైపుతో ఇంకోసారి దించి, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. గుడ్డ చినుకులు కారేంత తడిగా ఉంటే నీళ్లు అడుగుకు చేరి తర్వాతి మందును పాడుచేస్తాయి. ఎంత తడిపారో, ఎన్నిసార్లు దించారో ప్రతిసారీ అదే ఉండాలి. ట్రిపుల్ సెవెన్ వాడేవారికి మందు కూర్చునే చోటికి కాస్త ముందు గట్టి మసి కట్టు వలయంలా పేరుకుంటుంది. కడ్డీ అక్కడ ఆగితే గుండు అడుగుకు చేరిందని పొరబడతారు. కడ్డీ మీది గీత లేకపోతే ఆ పొరపాటు పట్టుబడదు. బ్లాక్‌హార్న్ 209తో మసి తక్కువ, గుండుకూ గుండుకూ మధ్య తుడవకపోయినా చాలాసేపు నడుస్తుంది. అయితే అది వెలగడానికి బలమైన 209 షాట్‌గన్ ప్రైమర్ కావాలి. గొట్టం వెనక భాగాన్ని మూసే బ్రీచ్ ప్లగ్‌లోని సన్నటి నిప్పు దారిలో కార్బన్ పేరుకుంటే మంట బలహీనపడి పేలుడు ఆలస్యమవుతుంది. గొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా ఆ రంధ్రాన్ని మరిచిపోతే గురి చెడుతుంది.

రేంజ్‌లో బాగా పడి అడవిలో తప్పడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. రేంజ్‌లో చూసిన మూడు గుండ్లలో రెండు మసిపట్టిన వెచ్చటి గొట్టం నుంచి వెళ్లాయి. వేటకు వెళ్లేది నూనె రాసి దాచిన చల్లటి శుభ్రమైన గొట్టం. నూనె పొర మీద జారిన గుండు వేరే చోట పడుతుంది. తేడా తుపాకీని బట్టి అంగుళమో, మూడు నాలుగు అంగుళాలో ఉండవచ్చు. దీనికి రెండు దారులున్నాయి. నూనెను స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, మందు లేకుండా ఒకటి రెండు ప్రైమర్లు పేల్చి నిప్పు దారి ఆరబెట్టి, శుభ్రమైన గొట్టంతోనే వెళ్లి, ఆ గురికే స్కోపు సరిచేసుకోవడం ఒకటి. ముందే ఒక గుండు కాల్చి, తుడిచి, మసి జాడ ఉన్న గొట్టంతో వెళ్లడం రెండోది. నల్లమందుతో రెండోది మంచిది కాదు, రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. ఏ దారి ఎంచుకున్నా సాధనకూ వేటకూ ఒకటే ఉండాలి.

నిప్పు అందే వేగం

ఇన్‌లైన్‌లో ట్రిగ్గర్ నొక్కడానికీ పేలడానికీ మధ్య తేడా మనిషికి తెలియదు. చెకుముకి తుపాకీలో తెలుస్తుంది. రాయి ఉక్కు పలకను గీరాలి, రవ్వలు చిన్న పళ్లెంలోని సన్నమందు మీద పడాలి, ఆ మంట పక్కనున్న రంధ్రం గుండా లోపలికి చేరాలి. బాగా అమర్చిన తుపాకీలో కూడా ఇది సెకనులో ఇరవయ్యో వంతు దాకా తీసుకోవచ్చు. ఆ లోగా కళ్ల ముందే మంట లేస్తుంది, రెప్ప పడుతుంది, చేయి వణుకుతుంది.

పళ్లెం నిండా మందు పోస్తే త్వరగా అంటుకుంటుందని అనిపిస్తుంది. జరిగేది దానికి వ్యతిరేకం. రంధ్రంలో మందు కిక్కిరిస్తే అది వత్తిలా మెల్లగా కాలుతూ లోపలికి పోతుంది. పళ్లెంలో మూడో వంతు పోసి రంధ్రం ఖాళీగా ఉంచితే మంట నాలుక ఒక్క ఉదుటున లోపలికి దూకుతుంది. రాయి అంచు పదునుగా, పలక వెడల్పంతా సమంగా తాకేలా ఉండాలి. ఇంట్లో సాధనకు రాయి స్థానంలో అదే సైజు చెక్కముక్క బిగించి, గోడ మీది చుక్కను గురిపెట్టి రోజూ పదిసార్లు నొక్కడం రెప్పపాటును తగ్గించే చవకైన మార్గం. అప్పుడు తుపాకీలో మందు లేదని కడ్డీ దించి చూసుకోవడం తప్పనిసరి.

గాలి, దూరం, కంటి హద్దు

గోళం గుండుకు గాలి పెద్ద శత్రువు. సెకనుకు 1900 అడుగులతో బయల్దేరిన 0.490 గుండు 100 గజాలు చేరేసరికి 1100 ప్రాంతానికి పడిపోతుంది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి, అంటే ఆకులు, సన్నటి రెమ్మలు కదిలేంత గాలి, దాన్ని 100 గజాల దగ్గర దాదాపు 9 అంగుళాలు పక్కకు నెడుతుంది. గుండె మీద పెట్టిన గురి పొట్టలోకి పోతుంది. 50 గజాల దగ్గర అదే గాలికి జరిగేది 2 అంగుళాలే. దూరం సగమైతే నష్టం నాలుగో వంతు కన్నా తక్కువ. సాబోలోని 250 గ్రెయిన్ల బుల్లెట్ అదే గాలికి 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలే జరుగుతుంది. అలాగని దాని దూరం అంతులేనిది కాదు. 100 గజాలకు గురి కుదిర్చిన ఆ బుల్లెట్ 150 దగ్గర సుమారు 5 అంగుళాలు, 200 దగ్గర 14 అంగుళాలకు పైగా కిందికి పడుతుంది. దూరం అంచనా 25 గజాలు తప్పితే చాలు, పళ్లెం బయట పడుతుంది.

కంటికీ హద్దుంది. గొట్టం చివరి సైట్ పూస వెడల్పు 2 మిల్లీమీటర్లనుకుంటే, కంటికి గజం దూరంలో ఉన్న అది 100 గజాల దగ్గర 8 అంగుళాల చోటును పూర్తిగా కప్పేస్తుంది. కొట్టాల్సిన పళ్లెం పూస వెనక మాయమవుతుంది. సన్నటి పూస, వెనక చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ ఉంటే పరిస్థితి మెరుగు, అయితే మసక వెలుతురులో సన్నటి పూస కనబడదు.

స్కోపు పెట్టుకోవచ్చా అన్నదానికి రాష్ట్రానికో జవాబు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్లో స్కోపులు, సాబోలు, మందు బిళ్లలు మూడింటినీ ఒప్పుకోదు. యూటా 2016లో పెద్దదిగా చూపే స్కోపులకు తలుపు తెరిచి, 2024లో మళ్లీ మూసేసింది. ఈ సీజన్లు పెట్టిందే దగ్గరకు వెళ్లి కాల్చే కష్టమైన వేట కోసమని, పరికరాలు బలపడే కొద్దీ జంతువుకు దక్కే అవకాశం తగ్గుతుందని ఒక వాదన. స్కోపు ఉంటే గాయపడి తప్పించుకునే జింకలు తగ్గుతాయని ఇంకో వాదన. రెండోదానిలో బలం ఉంది, కానీ అది దూరం పెంచనంత వరకే. మంచి స్కోపు చేతికొచ్చాక 80 గజాల దగ్గరే ఆగే నిగ్రహం అందరికీ ఉండదు.

తెలుగువారికి రెండు ముక్కలు

మన అడవి పల్లెల్లో నాటు తుపాకీ అని పిలిచే ఒంటిగొట్టం తుపాకీ కూడా ఈ జాతిదే. అయితే భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం, జైలు శిక్ష ఉంటుంది. ఇక్కడ చెప్పిందంతా అనుమతి ఉన్న అమెరికా వేటకే వర్తిస్తుంది. అమెరికాలో ఉద్యోగ, చదువుల వీసాలపై ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడంపై ఫెడరల్ చట్టం నిషేధం పెట్టింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మూతి నుంచి కూరే నల్లమందు తుపాకుల్లో చాలావాటిని ఆ చట్టం పురాతన ఆయుధాల వర్గంలో చూస్తుంది, రాష్ట్ర చట్టాలు మాత్రం వేరుగా ఉండవచ్చు. స్నేహితుడి తుపాకీని సరదాగా పట్టుకోవడం కూడా వీసాకు ముప్పు తేగల విషయం కాబట్టి ముందు లాయర్‌ను అడగడం మేలు.

ఐదు పొద్దులు, ఐదు గుండ్లు

సీజన్ ముందు చేసే సాధనలో ఎక్కువ భాగం ఒకే పూట 20 గుండ్లు కాల్చడంతో గడిచిపోతుంది. స్కోపు కుదర్చడానికి అది పనికొస్తుంది. ముందు 25 గజాల దగ్గర, తర్వాత 50, ఆపైన 100. వేట రోజున ఏమవుతుందో తెలియాలంటే వేరే పద్ధతి కావాలి. వేటకు వెళ్లే రోజులాగే తుపాకీ సిద్ధం చేసి, వేట కోటు, చేతి తొడుగులతో, ఒక పొద్దున ఒక్క గుండు. బల్ల లేకుండా, మోకాలి మీదో చెట్టుకు ఆనుకునో, అడవిలో ఎలా కాలుస్తారో అలాగే. ఆ రోజుకు అంతే, శుభ్రం చేసి పెట్టేయాలి. ఇలా ఐదు పొద్దులు, అదే కాగితం మీద.

చలి రోజుల్లో తుపాకీని రాత్రి వెచ్చటి ఇంట్లోకి తెస్తే గొట్టం లోపల తేమ చెమ్మగిల్లి మందు తడుస్తుంది. చట్టం ఒప్పుకున్న చోట ప్రైమర్ తీసేసి చల్లటి గ్యారేజీలో తాళం వేసి ఉంచడం మంచిది. మూతికి అంటించిన టేపు వాన నీళ్లను ఆపుతుంది. గుండు ముందున్న గాలే దాన్ని ఊదేస్తుంది కాబట్టి గురి చెడదు. ఇలాంటి చిన్న ఏర్పాట్లన్నీ ఆ ఐదు పొద్దుల్లోనే పరీక్షకు వస్తాయి.

ఐదో రోజు కాగితం మీద 8 అంగుళాల పళ్లెం పెట్టి చుట్టూ గీత గీయాలి. ఐదు చిల్లులూ గీత లోపలుంటే ఎంత దూరం నుంచి కాల్చారో అదే ఈ ఏడాది హద్దు. ఒక్కటి బయట పడ్డా పది గజాలు ముందుకు జరిగి మళ్లీ ఐదు పొద్దులు.